చార్టు చదివారు, అద్దాలు వచ్చాయి... మరి నీటి కాసుల పరీక్ష అయిందా?

పథకాల సమాచారం – కంటి ఆరోగ్యం పాఠం
ఎవరి కోసం: తెలంగాణలో ఆరోగ్యశ్రీ అర్హత ఉన్న కుటుంబాలు, ముఖ్యంగా 40 ఏళ్లు దాటినవారు, ఇంట్లో ఎవరికైనా నీటి కాసులు ఉన్నవారు, ఇప్పటికే కంటి చుక్కలు వాడుతున్నవారు.

ముందుగా ఒక్క మాట

మన రాష్ట్రంలో కంటి వెలుగు కార్యక్రమం 2018 ఆగస్టు 15న మొదలైంది. రెండో విడత 2023 జనవరి 18న మొదలైంది. ఊరూరా శిబిరాలు పెట్టి కళ్లు పరీక్షించారు, అవసరమైన వారికి అద్దాలు ఇచ్చారు. మీలో చాలామంది ఆ అద్దాలతోనే ఈ పాఠం చదువుతూ ఉంటారు.

అయితే అద్దాలు వచ్చాయంటే కన్ను మొత్తం బాగున్నట్టు కాదు. గోడ మీద చార్టు చదివించేది ఎదురుచూపు తెలుసుకోవడానికి. కొన్ని జబ్బులు ఎదురుచూపును చివరిదాకా ముట్టుకోవు. పక్కచూపును మాత్రం కొంచెం కొంచెంగా తినేస్తాయి. అలాంటి వాటిలో పెద్దది నీటి కాసులు. డాక్టర్లు దీన్నే గ్లాకోమా అంటారు.

ఈ జబ్బుతో పోయిన చూపు మళ్లీ రాదు. అద్దాలతో రాదు, చుక్కలతో రాదు, ఆపరేషన్‌తో కూడా రాదు. కానీ మిగిలిన చూపును కాపాడుకోవచ్చు. ఎంత తొందరగా కనిపెడితే అంత ఎక్కువ చూపు మిగులుతుంది. ఈ పాఠం అంతా ఆ ఒక్క విషయం గురించే.

1. నీటి కాసులు అంటే ఏమిటి?

మన కంటి లోపల ఒక రకం నీరు ఎప్పుడూ తయారవుతూ ఉంటుంది. ఇది కన్నీరు కాదు. కన్నీరు బయటికి వస్తుంది, ఈ నీరు లోపలే తిరుగుతుంది. లోపలి భాగాలకు ఆహారం అందించి, నల్లగుడ్డు అంచు దగ్గర ఉండే సన్నని దారి గుండా బయటికి పోతుంది.

చెరువును తలుచుకోండి. వచ్చే నీరు వస్తూనే ఉంటుంది. తూము సరిగ్గా పారితే చెరువు నిలకడగా ఉంటుంది. తూములో పూడిక పేరుకుంటే నీరు కట్ట మీద ఒత్తిడి పెడుతుంది. కంట్లోనూ ఇంతే. నీరు పోయే దారి మూసుకుపోతే కంటి లోపల ప్రెషర్ పెరుగుతుంది.

ఆ ప్రెషర్ దెబ్బ పడేది కంటి వెనక ఉండే నరం మీద. కన్ను చూసినదాన్ని మెదడుకు చేరవేసే తీగ అది. అందులో 10 లక్షలకు పైగా సన్నని పోగులు ఉంటాయి. ఆ పోగులు ఒక్కొక్కటిగా ఎండిపోతాయి. ఎండిన పోగు మళ్లీ చిగురించదు. అందుకే పోయిన చూపు తిరిగి రాదంటున్నాం.

కంటి ప్రెషర్ మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. ఇది చేతికి పట్టీ కట్టి చూసే బీపీ కాదు. బీపీ మామూలుగా ఉన్నంత మాత్రాన కంటి ప్రెషర్ కూడా మామూలుగా ఉందని అనుకోవద్దు. ఇంకో విషయం: కొంతమందికి కంటి ప్రెషర్ 21 లోపలే ఉన్నా నరం దెబ్బతింటుంది. కాబట్టి ప్రెషర్ ఒక్కటే చూసి ‘ఏం లేదు’ అని తేల్చకూడదు, నరాన్ని కూడా చూడాలి.

2. మనకెందుకు తెలియదు?

హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1990ల చివర్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ వెళ్లి ఒక పెద్ద కంటి అధ్యయనం చేసింది. అందులో హైదరాబాద్ నగరంలో పరీక్షించిన వారిలో 27 మందికి నెమ్మదిగా వచ్చే రకం నీటి కాసులు ఉన్నట్టు తేలింది. ఆ 27 మందిలో తమకు ఈ జబ్బు ఉందని ముందే తెలిసి మందు వాడుతున్నవారు ఇద్దరే. మిగతా 25 మంది ఆ పరీక్ష జరిగేదాకా తమకు ఏమీ లేదనే అనుకున్నారు. పెద్దాసుపత్రులన్నీ దగ్గర్లోనే ఉన్న నగరం సంగతి ఇది.

ఎందుకు తెలియదంటే:

• నొప్పి ఉండదు. కన్ను ఎర్రబడదు.
• ఒక కంటికి కనిపించని భాగాన్ని రెండో కన్ను కప్పిపుచ్చుతుంది.
• కనిపించని చోట నల్లమచ్చ కూడా కనపడదు. మెదడు ఆ ఖాళీని చుట్టుపక్కల రంగుతో నింపేస్తుంది.
• ఎదురుచూపు బాగుంటుంది. పేపర్ చదువుతారు, సూదిలో దారం ఎక్కిస్తారు, ఫోన్ చూస్తారు.

కొన్నాళ్లకు మాత్రం ఇలాంటివి మొదలవుతాయి. గుమ్మానికి భుజం తగులుతుంది. పక్క నుంచి వచ్చే బండి దగ్గరికి వచ్చేదాకా తెలియదు. మెట్లు దిగేటప్పుడు కాలు తడబడుతుంది. పక్కన పెట్టిన నీళ్ల గ్లాసు చెయ్యి తగిలి పడిపోతుంది. ఇంట్లోవాళ్లు ‘చూసుకుని నడవచ్చుగా’ అని కసురుతారు. అది పరధ్యానం కాకపోవచ్చు, చూపు తగ్గడం కావచ్చు. ఇవి కనిపించే సమయానికే నరం చాలావరకు దెబ్బతిని ఉంటుంది. కాబట్టి ఇవి కనిపించేదాకా ఆగకండి. కనిపిస్తే ఒక్కరోజు కూడా వాయిదా వేయకండి.

3. రెండు రకాలు – ఒకటి దొంగ, ఒకటి పిడుగు

నెమ్మదిగా వచ్చేది: పైన చెప్పినదే. ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా చూపు దోచుకుంటుంది.

ఒక్కసారిగా వచ్చేది: నీరు పోయే దారి హఠాత్తుగా మూసుకుపోతుంది. అప్పుడు కన్ను బాగా ఎర్రబడుతుంది, భరించలేని నొప్పి వస్తుంది. అదే వైపు తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, బల్బు చుట్టూ రంగురంగుల వలయాలు కనిపించడం ఉంటాయి. వాంతులు, తలనొప్పి చూసి చాలామంది గ్యాస్ అనో, పైత్యం అనో, ఒంటితలనొప్పి అనో అనుకుని గోలీ వేసుకుని పడుకుంటారు. తెల్లారేసరికి ఆ కన్ను పోవచ్చు.

గుర్తు పెట్టుకోండి: ఎర్రని కన్ను, నొప్పి, వాంతులు, మసకచూపు ఇవన్నీ కలిసి వస్తే అది అత్యవసరం. రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి, లేదా 108కి ఫోన్ చేయాలి. ‘పొద్దున చూద్దాం’ అనే జబ్బు కాదు ఇది.

పసిపిల్లల్లో కూడా నీటి కాసులు వస్తాయి. పాప కళ్లు మరీ పెద్దవిగా ఉండి, ఎప్పుడూ నీరు కారుతూ, వెలుతురు చూడలేక మూసుకుంటూ, నల్లగుడ్డు తెల్లగా మసకబారినట్టు ఉంటే ‘కళ్లు ఎంత పెద్దగా, ముద్దుగా ఉన్నాయో’ అని మురిసిపోయి ఊరుకోకండి. వెంటనే కంటి డాక్టర్‌కు చూపించండి. మేనరికం పెళ్లిళ్లు జరిగిన కుటుంబాల్లో ఈ రకం ఎక్కువగా కనిపిస్తుంది. పిల్లల్లో దీనికి ఎక్కువగా ఆపరేషనే చేస్తారు. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

4. శుక్లం వేరు, నీటి కాసులు వేరు

ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల చాలామంది చూపు పోగొట్టుకుంటున్నారు.

శుక్లం: కంటిలో ఉండే సహజమైన లెన్స్ మసకబారుతుంది. ఆపరేషన్ చేసి కొత్త లెన్స్ పెడితే, కంటిలో వేరే జబ్బు లేనప్పుడు, చూపు తిరిగి వస్తుంది. కొంతకాలం ఆగినా చాలావరకు నష్టం ఉండదు.

నీటి కాసులు: నరం దెబ్బతింటుంది. ఆపరేషన్ చేసినా పోయింది రాదు. ఆగిన ప్రతి నెలా నష్టమే.

‘పొర ముదరనీ, పంట చేతికి వచ్చాక చేయిద్దాం’ అని శుక్లానికి వాయిదా వేసుకునే అలవాటు మన ఊళ్లలో ఉంది. పెద్ద వయసులో ఒకే కంట్లో రెండూ కలిసి ఉండవచ్చు. బయటికి శుక్లం మాత్రమే కనబడుతుంది. లోపల నరం ఎండిపోతూ ఉంటుంది. ఆపరేషన్ అయ్యాక చూపు రాకపోతే ‘డాక్టర్ కన్ను పాడుచేశాడు’ అనుకుంటారు. కాబట్టి శుక్లం ఉందని చెప్పిన రోజే ఇలా అడగండి: “డాక్టర్ గారూ, కంటి ప్రెషర్, నరం కూడా చూశారా?”

5. తప్పకుండా పరీక్ష చేయించుకోవలసినవారు

• 40 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరు.
• అమ్మ, నాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఎవరికైనా నీటి కాసులు ఉన్నవారు. వీరికి ముప్పు మిగతావారికన్నా చాలా ఎక్కువ.
• షుగర్ ఉన్నవారు.
• ఎక్కువ మైనస్ పవర్ అద్దాలు వాడేవారు.
• కంటికి ఎప్పుడైనా గట్టి దెబ్బ తగిలినవారు. చిన్నప్పుడు బంతి తగిలినా, పొలంలో పుల్ల గుచ్చుకున్నా లెక్కే.
• స్టెరాయిడ్ మందులు ఎక్కువ కాలం వాడినవారు.

ఈ చివరిది కొంచెం వివరంగా చెప్పాలి. కన్ను ఎర్రబడిందనో, దురదగా ఉందనో మెడికల్ షాపుకు వెళ్లి ‘ఏదో ఒక చుక్కలు ఇవ్వు’ అంటాం. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఒకట్రెండు రోజుల్లో ఎరుపు, దురద పోతాయి. బాగా పనిచేసిందని మళ్లీ మళ్లీ అదే తెచ్చుకుంటాం. స్టెరాయిడ్ చుక్కలు వారాల తరబడి, నెలల తరబడి వేస్తే కొందరిలో కంటి ప్రెషర్ పెరిగి నీటి కాసులు వస్తాయి. పిల్లలకు కూడా వస్తాయి. మీ ఇంట్లో ఉన్న సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ అని ఉందేమో చదువుకున్న పిల్లలతో చూపించుకోండి. ఉంటే ఆ సీసాతోనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. డాక్టర్ ఈమధ్యే రాసిచ్చిన మందు అయితే అడగకుండా మానకండి.

కంట్లో ఆకు పసరు, తేనె, చనుబాలు పోయించుకోవద్దు. వీటితో కన్ను పుండు పడి ఇంకో జబ్బు తోడవుతుంది.

6. ఆసుపత్రిలో ఏం చేస్తారు?

పరీక్ష అంటే భయపడనక్కర్లేదు. కోసేది ఏమీ ఉండదు. ముందే తెలిస్తే తడబాటు తగ్గుతుంది.

ప్రెషర్ పరీక్ష: కంట్లో మొద్దుబారే చుక్క వేసి చిన్న పరికరం తాకిస్తారు. కొన్నిచోట్ల గాలి ఊదే మిషన్ ఉంటుంది. క్షణంలో అయిపోతుంది. ఊపిరి బిగబట్టకండి, కన్ను గట్టిగా మూయకండి. అలా చేస్తే లెక్క ఎక్కువ చూపిస్తుంది. ప్రెషర్ పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. అందుకే ఇంకోసారి రమ్మనవచ్చు.

దారి పరీక్ష: ప్రత్యేకమైన అద్దం కంటికి ఆనించి, నీరు పోయే దారి తెరిచి ఉందా, మూసుకుందా అని చూస్తారు. మీది ఏ రకమో తేలేది ఇక్కడే. చికిత్స కూడా దాన్నిబట్టే మారుతుంది.

నరం పరీక్ష: కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేసి వెనక ఉన్న నరాన్ని చూస్తారు. ఆ తర్వాత కొన్ని గంటలు దగ్గరవి మసకగా కనిపిస్తాయి, వెలుతురు గుచ్చుతుంది. ఆ రోజు బండి నడపకండి, తోడు ఎవరినైనా తీసుకెళ్లండి.

పక్కచూపు పరీక్ష: ఒక గిన్నెలాంటి మిషన్ ముందు కూర్చోబెట్టి, మధ్యలో ఉన్న లైటునే చూస్తూ పక్కన మినుకుమనే లైటు కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమంటారు. చాలామంది ‘అన్నీ కనిపించట్లేదు, నా చూపు పోయింది’ అని కంగారుపడతారు. కంగారు వద్దు. మంచి కన్ను ఉన్నవారికి కూడా కనిపించనంత మసక లైట్లు అందులో కావాలనే పెడతారు. కనిపించినప్పుడే నొక్కండి, ఊహించి నొక్కకండి. అలసిపోతే ఆపమని చెప్పండి. మొదటిసారి సరిగ్గా రాకపోతే మళ్లీ చేస్తారు.

స్కాన్: ఓసీటీ అనే మిషన్‌తో నరాల పొర మందం కొలుస్తారు. నల్లగుడ్డు పొర మందం కూడా కొలుస్తారు. ఆ పొర పలచగా ఉన్నవారికి ప్రెషర్ అసలు ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది.

ఈ రిపోర్టులన్నీ ఒక కవర్‌లో పెట్టి దాచండి. ఒక్కో కాగితం ఫోన్‌లో ఫోటో కూడా తీసి పెట్టండి. పాత రిపోర్టు, కొత్త రిపోర్టు పక్కపక్కన పెట్టి చూస్తేనే జబ్బు ఆగిందా, ముదురుతోందా తెలుస్తుంది. పాత కాగితాలు పోతే డాక్టర్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

7. చికిత్స మూడు రకాలు

చుక్కలు: ఎక్కువమందికి మొదట ఇవే ఇస్తారు. రాత్రి ఒక్కసారి వేసేవి, రోజుకు రెండు మూడుసార్లు వేసేవి ఉంటాయి. కొన్నిటికి ఇబ్బందులు కూడా ఉంటాయి. టిమొలాల్ అనే మందు ఉబ్బసం ఉన్నవారికి, గుండె మెల్లగా కొట్టుకునేవారికి ప్రమాదం. కంట్లో వేసే చుక్కే కదా అనుకోకుండా మీకున్న ఆయాసం, గుండె జబ్బు గురించి డాక్టర్‌కు ముందే చెప్పాలి. లటానోప్రాస్ట్ లాంటి వాటితో కన్ను కొంచెం ఎర్రబడటం, రెప్పల చర్మం నల్లబడటం, వెంట్రుకలు పొడుగవడం ఉండవచ్చు. ఇబ్బంది అనిపిస్తే మానేయకండి, డాక్టర్‌కు చెప్పి మందు మార్పించుకోండి.

లేజర్: దారి ఇరుకుగా ఉన్నవారికి నల్లగుడ్డు లోపలి రంగు పొరకు లేజర్‌తో చిన్న రంధ్రం చేస్తారు. దీంతో పిడుగులా వచ్చే రకం ముప్పు బాగా తగ్గుతుంది. దారి తెరిచే ఉన్నవారికి వేరే రకం లేజర్ ఉంది. చేసిన రోజే ఇంటికి వెళ్లవచ్చు.

ఆపరేషన్: చుక్కలు, లేజర్ సరిపోనప్పుడు నీరు పోవడానికి కొత్త దారి చేస్తారు. ఇది ప్రెషర్ తగ్గించడానికే, చూపు పెంచడానికి కాదు. ఆపరేషన్ అయిన కంటిలో, ఏళ్లు గడిచిన తర్వాతైనా సరే, ఎరుపు, నొప్పి, పుసి, మసక కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కొత్త దారి గుండా సూక్ష్మక్రిములు లోపలికి పోయే ప్రమాదం ఉంటుంది.

ఏ చికిత్స చేసినా జబ్బు మాయం కాదు, అదుపులో ఉంటుంది. షుగర్, బీపీ లాగా జీవితాంతం చూపించుకుంటూ ఉండాలి.

8. చుక్కలు వేసుకునే పద్ధతి

1) చేతులు సబ్బుతో కడుక్కోండి.
2) తల వెనక్కి వంచండి, లేదా పడుకోండి.
3) కింది రెప్పను వేలితో కొంచెం కిందికి లాగండి. చిన్న సంచిలా అవుతుంది.
4) సీసా మూతి కంటికి, రెప్పకు తగలకుండా ఒక్క చుక్క వేయండి. ఒక్కటి చాలు. రెండోది చెంప మీదికి కారిపోతుంది, డబ్బు దండగ.
5) కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో 2 నిమిషాలు నొక్కి పట్టుకోండి. మందు గొంతులోకి, రక్తంలోకి పోకుండా కంట్లోనే ఉంటుంది.
6) రెండో రకం చుక్కలు ఉంటే 5 నిమిషాలు ఆగి వేయండి. వెంటనే వేస్తే మొదటిది కొట్టుకుపోతుంది.

చేతులు వణికేవారు, చూపు తక్కువైనవారు ఇంట్లో ఒకరికి నేర్పించి వాళ్లతో వేయించుకోండి. కొన్ని సీసాలను మూత తీయకముందు ఫ్రిజ్‌లో పెట్టాలి. షాపులోనే అడిగి తెలుసుకోండి. మూత తీసిన తేదీ సీసా మీద రాయండి. చాలా రకాలు తీసిన నెల రోజుల తర్వాత వాడకూడదు, లోపల మందు మిగిలినా సరే.

రోజుకు రెండుసార్లు వేసే మందు అయితే పొద్దున 7కి, రాత్రి 7కి అని పెట్టుకోండి. దీపం పెట్టే వేళ, సీరియల్ వచ్చే వేళ ఇలా ఏదో ఒక అలవాటుతో ముడిపెడితే మరచిపోరు. పెళ్లికి పోయినా, జాతరకు పోయినా సీసా సంచిలో ఉండాలి. రోజా ఉండేవారు వేళలు మార్చుకోవాలంటే ముందే డాక్టర్‌ను అడగండి. చెకప్‌కు వెళ్లే రోజు కూడా, డాక్టర్ వద్దని చెప్పకపోతే, మామూలుగానే చుక్కలు వేసుకుని వెళ్లండి.

9. ‘ఏస్తే ఏం ఫరకు లేదు’ – ఈ మాట దగ్గరే కన్ను పోతుంది

ఒక ఊళ్లో ఆశా కార్యకర్తకు, చుక్కలు మానేసిన పెద్దాయనకు మధ్య ఇలాంటి మాటలే నడుస్తాయి:

“మామా, కండ్ల చుక్కలు ఏస్తున్నవా?”
“లేదు బిడ్డా. సీసా ఒడిసి నెల దాటింది. ఏసినన్ని రోజులు ఏసిన, చూపేం పెరగలే. నొప్పి లేదు, ఏం లేదు. ఉత్తగ పైసలు పోసుడు.”
“చూపు పెరగాలని కాదు మామా ఏసేది. ఉన్న చూపు పోవద్దని. పోయిన ఏడు ఎట్ల కనిపించిందో ఇప్పుడూ అట్లనే కనిపిస్తుందంటే మందు పనిచేసినట్టే గద.”
“అంటే ఫరకు కనబడకపోవుడే ఫరకా?”
“అంతే మామా. చెరువు కట్టకు మన్ను పోస్తే నీళ్లు పెరుగుతయా? కట్ట తెగకుంట ఉంటది.”

చుక్కలు వేసినా తేడా తెలియదు, మానేసినా వెంటనే తేడా తెలియదు. అదే ఈ జబ్బులో మోసం. మానేసిన నెలల్లో ప్రెషర్ మళ్లీ పెరుగుతుంది, ఇంకొన్ని పోగులు ఎండిపోతాయి. మీకు తెలిసేసరికి అవి తిరిగి రావు. డబ్బు కుదరక మానేస్తున్నారా? సిగ్గుపడకండి. ఆ మాట డాక్టర్‌కు సూటిగా చెప్పండి. తక్కువ ధర మందు రాయవచ్చు, లేజర్ గురించి ఆలోచించవచ్చు. చెప్పకుండా మానేస్తే మాత్రం మందు పనిచేయడం లేదనుకుని ఇంకో ఖరీదైన మందు రాస్తారు.

10. ఎక్కడికి వెళ్లాలి? ఏయే కాగితాలు కావాలి?

మొదటి మెట్టు: మీ పల్లె దవాఖానా లేదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. ‘నీటి కాసుల పరీక్షకు పెద్దాసుపత్రికి రాసివ్వండి’ అని అడగండి.

రెండో మెట్టు: జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగం. అక్కడ కుదరని పరీక్షలకు హైదరాబాద్ మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. ఇది ప్రభుత్వ ఆసుపత్రి.

ఆరోగ్యశ్రీ: 2023 డిసెంబర్ 9 నుంచి రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు పరిమితి ఉంది. అయితే ప్రతి చికిత్సా ప్యాకేజీలో ఉండదు, ప్రతి ఆసుపత్రికీ కంటి విభాగంలో అనుమతి ఉండదు. కాబట్టి ఆపరేషన్ లేదా లేజర్ అని చెప్పగానే డబ్బు కట్టేయకండి. డాక్టర్ రాసిన చికిత్స పేరు ఉన్న కాగితం పట్టుకుని అదే ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి, ఈ మూడు ప్రశ్నలు అడగండి:

• ఈ చికిత్స ప్యాకేజీలో ఉందా?
• ఈ ఆసుపత్రిలో చేస్తారా, లేకపోతే దగ్గర్లో ఎక్కడ చేస్తారు?
• నేను చేతి నుంచి పెట్టుకోవలసింది ఏమైనా ఉందా?

అనుమానం ఉంటే 104కు ఫోన్ చేసి అడగవచ్చు.

వెంట ఉంచుకోవలసినవి: ఆధార్, ఆహార భద్రతా కార్డు, ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే అది, పాత కంటి రిపోర్టులు, వాడుతున్న మందుల సీసాలు, మొబైల్ ఫోన్.

చుక్కల ఖర్చు: నెలనెలా కొనే చుక్కలు ఆపరేషన్ ప్యాకేజీ లాంటివి కావు. ముందు ప్రభుత్వ ఆసుపత్రి ఫార్మసీలో అడగండి, ఉన్నవి ఉచితంగా ఇస్తారు. అక్కడ లేనివి జన ఔషధి కేంద్రంలో లేదా జనరిక్ షాపులో అడగండి. అదే మందు కంపెనీ పేరు మారితే ధర చాలా తగ్గవచ్చు.

ప్రయాణం: మహాలక్ష్మి పథకం కింద మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. చార్జీలకు వెనకాడి చెకప్ మానేసే అమ్మలు, అత్తమ్మలు దీన్ని వాడుకోండి.

11. చూపు ఇప్పటికే బాగా తగ్గిపోతే

మిగిలిన చూపు కోసం చికిత్స ఆపకండి. దాంతోపాటు మీ హక్కు కూడా తెలుసుకోండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం చార్టు ఎన్ని వరుసలు చదివారన్నది ఒక్కటే లెక్క కాదు. మంచి అద్దాలు పెట్టినా చూపు పరిధి 40 డిగ్రీల కన్నా తక్కువకు కుంచించుకుపోతే అల్పదృష్టి కింద, 10 డిగ్రీల కన్నా తక్కువైతే అంధత్వం కింద వస్తుంది. కాబట్టి ‘పేపర్ చదువుతున్నావు కదా, నీకేం’ అని ఎవరన్నా అంటే ఆగిపోకండి. పక్కచూపు పరీక్ష రిపోర్టు తీసుకుని వైకల్య పరీక్షకు వెళ్లండి. ఎలా నమోదు చేసుకోవాలో మీసేవ కేంద్రంలో అడగండి. సర్టిఫికెట్‌లో 40 శాతం, ఆపైన వస్తే పింఛను వంటి వాటికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇంట్లో చిన్న మార్పులు చాలా మేలు చేస్తాయి. మెట్ల అంచుకు తెల్ల రంగు లేదా పసుపు రంగు వేయండి. గుమ్మం దగ్గర, బాత్రూం దగ్గర లైటు ఉంచండి. దారిలో బిందెలు, మంచాలు అడ్డం పెట్టకండి. పక్కచూపు లేనివారు బండి నడపకూడదు, అది వారికీ ఎదుటివారికీ ప్రమాదం.

12. మీరు ఎక్కువగా అడిగే ప్రశ్నలు

నాకు నీటి కాసులు ఉన్నాయి. పిల్లలకు చెప్పాలా?
తప్పకుండా చెప్పాలి. పెళ్లి సంబంధాలకు అడ్డం వస్తుందని దాచిపెట్టేవారు ఉన్నారు. దాచితే వాళ్ల కళ్లకే నష్టం. మీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా చెప్పి పరీక్షకు పంపండి.

ఫోన్, టీవీ చూస్తే వస్తుందా?
రాదు. కళ్లు అలసిపోతాయి గానీ ఈ జబ్బుకు కారణం అవి కావు.

పని చేసుకోవచ్చా? యోగా చేయవచ్చా?
పొలం పని, నడక, ఇంటి పని అన్నీ చేసుకోవచ్చు. తలకిందులుగా వేసే శీర్షాసనం లాంటివి వద్దు, కంటి ప్రెషర్ పెరుగుతుంది. నీళ్లు ఒకేసారి చెంబెడు గటగటా తాగకుండా, కొంచెం కొంచెంగా తాగండి.

శుక్లం ఆపరేషన్, దీని ఆపరేషన్ కలిపి చేయించుకోవచ్చా?
కొందరికి కలిపి చేస్తారు. మీ కంటిని చూసి డాక్టరే తేల్చాలి.

పరీక్షలో ఏమీ లేదన్నారు. ఇక వెళ్లక్కర్లేదా?
వెళ్లాలి. ఈ ఏడాది లేనిది రెండేళ్లకు రావచ్చు. మళ్లీ ఎప్పుడు రావాలో అడిగి క్యాలెండర్ మీద రాసుకోండి.

ఈ వారంలో చేయవలసిన పనులు

☐ ఇంట్లో 40 దాటినవారి పేర్లు రాయండి. కంటి ప్రెషర్, నరం పరీక్ష అయినవారికి టిక్ పెట్టండి. కానివారిని ఈ నెలలోనే పంపండి.
☐ ఇంట్లో ఉన్న కంటి చుక్కల సీసాలన్నీ బయటికి తీయండి. డాక్టర్ రాయనివి, తేదీ దాటినవి పక్కన పెట్టండి.
☐ చుక్కలు వాడేవారు సీసా మీద తెరిచిన తేదీ రాయండి, ఫోన్‌లో అలారం పెట్టండి.
☐ చుక్కలు మానేసినవారు ఉంటే రేపే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. తిడతారని భయపడకండి.
☐ చదవలేని పెద్దవాళ్లకు ఈ పాఠం చదివి వినిపించండి. మీ సంఘం గ్రూపులో, మీ వాడ గ్రూపులో పంపండి.

అద్దాలు ఎదురుగా ఉన్నదాన్ని బాగా చూపిస్తాయి. పక్క నుంచి వచ్చే మనవడిని, బండిని, బర్రెను చూడాలంటే నరం బాగుండాలి. నరం ఎలా ఉందో మీకు మీరుగా తెలుసుకోలేరు, డాక్టర్ చూసి చెప్పాలి. ఒక్కపూట పని పోతే పోనీ, పరీక్ష చేయించుకోండి.